నడక వేగం - ఒక నైతిక ప్రశ్న

మనిషి నడకకూ నీతికీ సంబంధమేమిటని కొందరు అడగవచ్చు. వైద్యశాస్త్రం మాత్రం నడక వేగాన్ని ఆయుర్దాయానికి ఒక సూచికగా గ్రహించింది. తొమ్మిది పరిశోధనల్లోని 34,485 మంది వృద్ధుల వివరాలను 2011లో కలిపి చూడగా, వేగంగా నడవగలిగినవాళ్లే ఎక్కువకాలం బతికినట్టు తేలింది. ఆసియా వైద్య నిపుణులు 2019లో సెకనుకు ఒక మీటరును హద్దుగా పెట్టారు. అంతకన్న తగ్గితే శరీర సామర్థ్యం క్షీణించినట్టు లెక్క.

ఈ లెక్కను నేను కాదనను. కాని ఇది ముసలివాళ్ల కాళ్లకు మాత్రమే చెందిన లెక్క అనుకోవడం పొరపాటు.

మా మేడిపల్లి, కోరుట్ల ప్రాంతాల నుంచి ఎందరో మగవాళ్లు గల్ఫ్ దేశాలకు వలసపోయారు. ఎందరో ఆడవాళ్లు ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుట్టారు. మోకాళ్లు ముడుచుకు కూర్చున్న ఆ ఏళ్ల భారం వాళ్ల నేటి నడకలో లేదని ఎవరనగలరు?

ఒక వృద్ధాశ్రమంలో నేను చూసిన అవ్వ అలాంటి మనిషే. ఆమె గోడ పట్టుకుని లేవబోతే ఆయా వారించింది: "కూసో అవ్వా, పడ్తవ్."

"ఇన్నేండ్లు కూసునే బీడీలు చేసిన బిడ్డా, ఇప్పుడన్న నడువనియ్యి" అంది అవ్వ.

ఆయాది క్రూరత్వం కాదు. అవ్వ పడితే సంజాయిషీ చెప్పుకోవలసింది ఆమే. కూర్చుని కూర్చుని అవ్వ కాళ్లు చచ్చుబడితే మాత్రం ఎవరినీ ఎవరూ అడగరు. ఆ నేరం వయసు మీదికి నెట్టడం సులభం. ఆయాలు చాలనిచోట భద్రత పేరుతో జరుగుతున్నది పొదుపు మాత్రమే.

వయసు నిజంగా అంత నేరస్థురాలా? బోస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో సగటున 87 ఏళ్ల వయసున్న వంద మందిపై జరిపిన పరిశోధన 1994లో వెలువడింది. పది వారాలు కాళ్లకు బరువులతో వ్యాయామం చేయించినవారి నడక వేగం దాదాపు 12 శాతం పెరిగింది. చేయించనివారిది పెరగలేదు.

మన 2007 చట్టం ప్రతి జిల్లాలో కనీసం ఒక వృద్ధాశ్రమాన్ని, 150 మంది నిరుపేదలకు చోటుండేటట్టు, ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చునంటుంది. చేసి తీరాలనదు. ఆ నిబంధనలో వైద్యం ఉంది, వినోదం ఉంది, నడక ప్రసక్తి లేదు.

పడితే ఎముక విరుగుతుందన్న వాదన నిజమే. అయితే ఆ భయానికి మందు ఆసరా ఇచ్చే మనిషి. కుర్చీ కాదు. జీవితమంతా శ్రమ చేసినవాళ్లకు సమాజం కూడూ గూడూ ఇచ్చి రుణం తీరిందనుకోరాదు. అవ్వ సెకనుకెంత నడుస్తుందో కొలిచేముందు, ఆమె పక్కన నడవడానికి మనం ఎందరిని జీతమిచ్చి నిలబెట్టామో లెక్క చెప్పాలి.