సెల్‌ఫోనులో సంకీర్తనము

తండ్రికి భక్తిమార్గములను వివరించునపుడు ప్రహ్లాదుడు శ్రవణముతో ప్రారంభించెను. కీర్తించుటకు కంఠము కావలెను. అర్చించుటకు ద్రవ్యము కావలెను. సేవించుటకు దేహమున సత్తువ యుండవలెను. వినుటకు చెవి యొక్కటి చాలును. కనుక శ్రవణము సులభసాధనమని పెద్దలు చెప్పుదురు. కాని వినుట నిజముగా అంత సులభమే యైనచో, పరీక్షిన్మహారాజు ఆకలిదప్పులు మరచి ఏడు దినములు ఒక్కచోట కూర్చుండి వినవలసిన పని యేమి?

ఈ సందేహము నేడు మన జేబులోనికే వచ్చి చేరినది. మాటలాడుటకై పుట్టిన సెల్‌ఫోను క్రమముగా పాటలపెట్టె యైనది. 1979లో జపానుదేశమున సోనీ సంస్థ వాక్‌మన్ అను చిన్న క్యాసెట్ యంత్రమును విడుదల చేసిన పిమ్మట, నడచుచు వినుట లోకమునకు అలవాటయ్యెను. 2001లో వచ్చిన ఐపాడ్ వేయిపాటలను అరచేతిలో నిలిపెను. తరువాత ఆ పనిని ఫోనే చేయసాగెను. మన పట్టణములలో మొబైలు దుకాణమువాడు కొద్ది రుసుము పుచ్చుకొని, ఘంటసాలవారి భగవద్గీతను, అయ్యప్ప భజనలను, క్రొత్త సినిమాపాటలను ఒకే మెమరీకార్డులో ఎక్కించి యిచ్చిన కాలము మనకు తెలిసినదే. 2016 తరువాత ఇంటర్నెట్ చౌకయగుటచే ఆ అవసరమును తగ్గినది. ఇప్పుడు పాట పేరు పలికిన చాలును, ఫోను పాడును.

ఒక చిన్న లెక్క వేసి చూతము. తాళ్లపాక అన్నమాచార్యులు 32,000 సంకీర్తనలు రచించినట్లు ప్రతీతి. లభించినవి 12,000కు పైగా నున్నవి. సాధారణమైన ఎమ్‌పీత్రీ పద్ధతిలో నిమిషము పాట సుమారు ఒక మెగాబైటు స్థలము నాక్రమించును. ఒక్కొక్క సంకీర్తన అయిదు నిమిషములనుకొన్నచో, 12,000 సంకీర్తనలకు 60 గిగాబైట్లు చాలును. నేడు సామాన్యుని ఫోనులో అంతకు మించిన చోటు కలదు. స్థలము విషయమున చిక్కు లేదు. మరి కాలమో? అవి అన్నియు వినుటకు వేయి గంటలు పట్టును. నిద్రాహారములు మాని రేయింబవళ్లు విన్నను నలుబదియొక్క దినములకు పైబడును, అనగా ఒక మండలదీక్షాకాలము. దినమునకు అరగంట చొప్పున వినువానికి అయిదున్నర సంవత్సరములు పట్టును. యంత్రము స్థలమును కుదించినది గాని మన అరగంటను పొడిగింపలేదు.

ఆ సంకీర్తనల చరిత్రయే మన ప్రశ్నకు చక్కని దృష్టాంతము. తాళ్లపాకవారు వానిని రెండువేలకు పైగా రాగిరేకులపై చెక్కించి, తిరుమలలో సంకీర్తన భాండారమున భద్రపరచిరి. రేకులపై రాగముల పేర్లు కలవు; స్వరములు లేవు. తరువాత కొన్ని శతాబ్దములు ఆ సంపదలో అధికభాగము గానమున వినరాలేదు. 20వ శతాబ్దమున వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటి పండితులు ఆ రేకులతో కుస్తీపట్టి పాఠములను పరిష్కరించిరి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు అనేక సంకీర్తనలకు స్వరములు కూర్చిరి. అప్పుడుగాని అవి మరల జనుల నోళ్లకు అందలేదు. రాగిరేకు మహోపకారమే చేసినది, సందేహము లేదు. ఐనను అది సాహిత్యమును కాపాడినదే గాని పాడలేకపోయినది. మన ఫోను రాగిరేకుకంటె ఒక మెట్టు పైనున్నది. అది దాచును, పాడును గూడ. వినుట మాత్రము దానికి చేతకాదు. ఆ పనిని మనకే విడిచినది.

మన మా పనిని ఎట్లు చేయుచున్నాము? సుప్రభాతమునే తీసికొందము. 15వ శతాబ్దమున ప్రతివాదిభయంకరం అణ్ణన్‌గారు రచించిన ఆ స్తోత్రము ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారి కంఠమున రికార్డై ఇంటింటికి చేరినది. ఇప్పుడు దానిని ఫోనులో అలారముగా పెట్టుకొనువారు చాలమంది. మేల్కొల్పు మ్రోగును, కప్పుకొన్న దుప్పటిలోనుండి చేయి వచ్చి దాని నోరు నొక్కును, పది నిమిషములకు మరల మ్రోగును, మరల నొక్కును. దేవుని మేల్కొలుపు పాటను భక్తుడు పడుకొనుటకు అడ్డమని ఆపుట, నవ్వుకొనదగినదే యైనను, అంత తేలికగ త్రోసివేయదగినది కాదు. ఫోను పిలుపునకు కీర్తన పల్లవిని పెట్టుకొనుటయు నిట్టిదే. భగవన్నామము సగములో నుండగనే "హలో" అని తెంచివేయుదుము.

ఇక పాటలను మార్చు అలవాటు కలదు. వ్రేలు తాకిన తరువాతి పాట వచ్చును. పల్లవి వినుట, రుచి చూచినట్లు తలయూపుట, మరియొక పాటకు దుముకుట. అన్నమయ్య సంకీర్తనలలో వేంకటేశముద్ర తరచుగా చివరి చరణమున వచ్చును. త్యాగరాజస్వామి కృతులలోను ముద్రచరణము చివరిదే. పల్లవిలో ప్రారంభించిన వేదన యో, ప్రశ్న యో, నిందాస్తుతి యో అక్కడికి వచ్చి ఎవరి పాదముల వ్రాలినదో తెలియును. పల్లవితో లేచిపోవువాడు నూరుపాటలు మార్చినను ఒక్కమారైనను ఆ ముద్రను కలిసికొనడు. ఇంటి గుమ్మము వరకు వచ్చి, యజమానిని చూడకయే పదియిండ్లు తిరిగినవాని యాత్ర యది. భక్తిపాటలకే గాదు, మంచి సినిమాపాటకును ఈ అన్యాయము జరుగుచునే యున్నది. మూడవ చరణము వ్రాసిన కవి శ్రమను ఎవ రెరుగుదురు?

ఎమ్‌పీత్రీ నిర్మాణములో ఒక విచిత్రము కలదు. పెద్దధ్వని వినబడుచున్న వేళ దాని చెంతనున్న చిన్నధ్వనిని మనుష్యుని చెవి గ్రహింపజాలదు. ఈ స్వభావమును శాస్త్రజ్ఞులు కనిపెట్టి, చెవికి ఎటులను తెలియని భాగమును తీసివేసి పాటను చిన్నది చేసిరి. మనస్సునకును ఈ గుణమే కలదు. అప్పు గురించిన చింత యో, ఆఫీసులో పడిన మాట యో లోపల బిగ్గరగా మ్రోగుచుండ, చెవిలోని కీర్తన ఎంత స్పష్టముగ నున్నను లోనికి పోదు. బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి శ్రవణము వెంటనే మననమును చెప్పుట ఊరక కాదు.

అట్లని యంత్రమును నిందించుట నాకు సమ్మతము గాదు. ఏ సభకును పోలేని రాత్రి కావలివానికి, నాలుగు గోడల నడుమ వంటచేయు గృహిణికి, కువైటులో ఎండకు పనిచేసి గదికి చేరిన మన కడపజిల్లా కూలికి, ఈ చిన్న పెట్టె చేసిన మేలు అల్పము గాదు. పూర్వము గొప్ప విద్వాంసుని గానము వినుటకు ఊరు, కులము, ధనము అడ్డుపడెడివి. ఆ అడ్డులను తొలగించిన వస్తువును తప్పుపట్టు అధికారము, కచేరీలో ముందువరుస కుర్చీ దొరకినవారికి లేదు. అంట్లు తోముచు విన్న పాటలో మనస్సు సగమే యుండవచ్చును. ఆ సగమైనను ఆమెకు నిన్నటివరకు లేదు గదా!

చెవిని కాపాడుకొనుట గూడ ఇందు భాగమే. పెద్దలకు 80 డెసిబెల్సు మ్రోతను వారమునకు 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో సూచించినది. బస్సులో పదిమంది నడుమ ఫోనును బిగ్గరగా పాడించువారు తమది భక్తిపాట గనుక దోషము లేదనుకొందురు. ప్రక్కసీటులోని జ్వరపీడితుని అడిగి చూడవలెను. తిరుమల ఆలయములోనికి సెల్‌ఫోను తీసికొనిపోరాదు. ఆ కొన్ని గంటలు పాటలపెట్టె లేనందున, వరుసలోని యాత్రికుడు గోవిందనామమును తన నోటనే పలుకుచున్నాడు.

ఇంతవరకు చెప్పిన దానికి ఒక చిక్కుప్రశ్న అడ్డువచ్చును. మంచమున పడిన వృద్ధమాతకు కుమారుడు రాత్రివేళ తలగడ ప్రక్క ఫోనులో అన్నమయ్య పాట పెట్టును. రెండవ చరణము రాకముందే ఆమె నిద్రించును. ఆమె విన్నట్లా, విననట్లా? ముద్రచరణము మాట పైన అంత గట్టిగా చెప్పినవాడను ఇచ్చట తడుముకొనవలసి వచ్చుచున్నది. తిరుమలలో రాత్రి కడపటి సేవయైన ఏకాంతసేవలో తాళ్లపాకవారి లాలి పాడుదురు; ఆ పాట స్వామిని నిద్రపుచ్చుటకే గదా! నిద్రలోనికి నడిపించు పాట వ్యర్థమైనచో ఆ సేవయే యుండదు. కుమారుడు ఫోను ఆపుటకు చేయి చాచి, తల్లి ముఖము చూచి, చివరి చరణము పూర్తియగువరకు తానే కూర్చుండి వినును.