గొడ్డు మీద దయ

జీవహింస తప్పా అని అడిగితే తప్పే అంటాను. బళ్లో పిల్లలకీ అదే చెప్తాను. 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షలమందితో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో ప్రాణులన్నిటి మీదా దయ చూపడం కూడా ఉంది. అందుకే ఇది అగ్రకులాల మాటని తోసిపారేయలేను. నా పేచీ దయతో కాదు. దాన్ని చట్టం చేసి లాఠీకి అప్పజెప్పినప్పుడు ఆ లాఠీ ఎవరి వీపుని వెతుక్కుంటుందనే దాంతో.

మా తాత చచ్చిన గొడ్లని మోశాడు. ఏ రైతు కొట్టంలో ఎద్దు చచ్చినా కబురు మా పల్లెకే వచ్చేది. పోకపోతే కళ్లంలో గింజలుండవు. తోలు తీసి, సున్నంలో నానేసి, లందలో తంగేడుచెక్క వేసి పదునుజేసి, ఆ రైతుకే చెప్పులూ, కపిలబానకి తొండమూ కుట్టిచ్చేవాడు. ఆ తొండం తోడిన నీళ్లకి మైల లేదు, తాత చేతికే ఉంది. మా నాయనమ్మ మాత్రం పాడిగేదె కాలు విరిగితే పదిరోజులు కొట్టంలోనే పడుకుంది. మాకు జీవకారుణ్యం నేర్పడానికొచ్చేవాళ్లు ఆ కొట్టం దాకా రారు. లంద కంపుకే ముక్కు మూసుకుని తిరిగిపోతారు.

రుక్మిణీదేవి అరండేల్ పట్టుదల వల్ల 1960లో జంతుహింస నిరోధక చట్టం వచ్చింది. మంచిదే. కానీ ఎద్దుని చావగొట్టినవాడికి మొదటిసారి జరిమానా పది నుంచి యాభై రూపాయలు! మన రాష్ట్రంలో గోవధ నిషేధ చట్టం 1977లో వచ్చింది. పాకీపనిని నిషేధించే చట్టం దేశంలో 1993 దాకా రాలేదు. ఎవరి బాధ ముందు కనబడిందో ఆ రెండు అంకెలే చెప్తాయి.

చచ్చిన ఆవు తోలు తీయడం ఏ సెక్షన్ కిందా నేరం కాదు. అయినా 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో నలుగురు దళిత యువకుల్ని బండికి కట్టి కొట్టారు. మరుసటి నెలే మన అమలాపురంలో, కరెంటు షాకుకి చచ్చిన ఆవు తోలు తీస్తున్న అన్నదమ్ములిద్దర్ని కట్టేసి కొట్టారు. చట్టం రాయని శిక్షని వీధి అమలుచేసింది. కారంచేడుని మరువలేం కదా. 1985లో అక్కడ గేదె కుడితి బకెట్‌ని మాదిగలు తాగే నీళ్లలో కడుగుతుంటే వద్దన్నందుకు ఆరుగురి ప్రాణాలు తీశారు.

2017లో సంతల్లో కోతకి పశువుల్ని అమ్మకూడదని కేంద్రం నిబంధనలు తెచ్చింది. కోర్టులు ఆపాయి, మరుసటేడు వాటిని మార్చేందుకు ముసాయిదా తెచ్చారు. ఆ గొడవ నడిచినన్నాళ్లూ మా నాయన అడిగింది ఒకటే: "ముసలెద్దుకి గడ్డి ఎవరేస్తార్రా? దాన్నమ్మితేనే గదా కోడెదూడ వచ్చేది!" దయ చూపించేది ఒకడు, గడ్డి ఖర్చు ఇంకొకడిది.

మొన్న జరిమానాలు పెంచాలని ఇద్దరు యువకులు సంతకాల కాగితం పట్టుకొచ్చారు. మంచి పిల్లలు. లారీల్లో కుక్కి పశువుల్ని తోలేవాళ్లకి గట్టి శిక్ష పడాలన్నారు. నేనూ పడాలన్నాను. తోలు తీసేవాణ్ణి కొట్టినవాడికీ శిక్ష పడాలని కిందొక వాక్యం చేర్చమన్నాను. "అది వేరే విషయం కదా మాస్టారూ" అన్నారు. కాదన్నాను. గంటసేపు మాట్లాడుకున్నాం. వాక్యం ఇంకా చేరలేదు, సంతకమూ పడలేదు.