తప్పే అవకాశం ఉన్న మాట



అమ్మాయీ, వైద్యం చదవబోతున్నావు గనక, మన భాషలోనే పాతుకుపోయిన ఒక నమ్మకంతో మొదలుపెడతాను. పుట్టుకతో పై పెదవి చీలిన బిడ్డను చూసి మనవాళ్లు ‘గ్రహణం మొర్రి’ అంటారు. కారణం ఆ పేరులోనే ఉంది. దోషి ఎవరో కూడా తేలిపోయినట్టే: గ్రహణం పట్టిన వేళ తల్లి కత్తిపీట ముందు కూర్చుని కూర తరిగి ఉంటుంది, లేదా గడప దాటి ఉంటుంది. రేపు నీ దగ్గరికి వచ్చే తల్లి ఆ నేరాన్ని నెత్తిన మోసుకునే వస్తుంది. అందుకే ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయకు, పరీక్షకు పెట్టు.

గర్భం నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య పిండానికి పై పెదవి ఏర్పడుతుంది. రెండు పక్కల నుంచీ, మధ్య నుంచీ పెరుగుతూ వచ్చిన భాగాలు ముక్కు కింద అతుక్కోవాలి. అతుక్కోకపోతే చీలిక మిగిలిపోతుంది. నెల తప్పిందని రూఢి చేసుకునేసరికే చాలామందిలో ఈ పని మొదలై ఉంటుంది. మరి సీమంతం నాటికి పట్టిన గ్రహణం, ఎన్నడో అతికిన పెదవిని ఎలా చీలుస్తుంది? నమ్మకమే నిజమైతే మొర్రి బిడ్డలు గ్రహణం తర్వాతి నెలల్లోనే పుట్టాలి. కానీ గ్రహణమున్నా లేకున్నా, ప్రపంచమంతటా సుమారు 700 మందిలో ఒకరు పెదవి చీలికతోనో అంగిలి చీలికతోనో పుడుతూనే ఉన్నారు. ‘కళ్లారా చూశాం’ అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు, లెక్క సగమే వేస్తున్నారు. గ్రహణాలు పట్టే కాలం దాదాపు ఆరు నెలలకోసారి వస్తుంది, కాబట్టి ఏ తొమ్మిది నెలల గర్భంలోనైనా వెతికితే ఎక్కడో పట్టిన గ్రహణం దొరుకుతుంది. కూర తరిగినా నిక్షేపంలాంటి బిడ్డను కన్నవాళ్లనూ, తలుపులేసుకుని పడుకున్నా మొర్రి బిడ్డను కన్నవాళ్లనూ ఎవరూ లెక్కపెట్టరు. ‘మన ఊళ్లో పట్టలేదుగా’ అంటే, మరో దేశంలో పట్టింది కదా అంటారు. ఏం జరిగినా నిజమే అయ్యే మాట, ఏం జరగబోతోందో మాత్రం చెప్పలేదు.

అదే గ్రహణం గురించి పంచాంగం ఇంకో రకం మాట చెబుతుంది: స్పర్శ ఫలానా గంటకు, మోక్షం ఫలానా నిమిషానికి. అది తప్పితే ఊరంతా చూస్తుంది. నేను నిన్ను నమ్మమనేది ఈ తీరు మాటను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన గుంటూరు మీదుగా పోతుందని లెక్క ముందే చెప్పబట్టే, జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాన్స్ నుంచి సముద్రాలు దాటి వచ్చి అక్కడ పరికరాలు అమర్చుకున్నాడు. సూర్యుడి అంచున ఎగసిన జ్వాలల కాంతిని విడదీసి, అందులో మెరిసే గీతలు చూశాడు. ఆ ఏడాది సూర్యుడి కాంతిలో గుర్తించిన ఒక పసుపు గీత సోడియం గీతలతో కలవలేదు. ఇంగ్లండులో లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త అది భూమ్మీద ఎరగని మూలకానిదన్నాడు. చాలామంది ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే సబబు కూడా. 1895లో రామ్సే అనే రసాయన శాస్త్రవేత్త ఒక యురేనియం ఖనిజం నుంచి వచ్చిన వాయువులో అదే గీతను చూపించాకే హీలియం అన్న ఆ మూలకం ఉనికి స్థిరపడింది. అంటే 27 ఏళ్లు ఆ ప్రశ్నను తెరిచే ఉంచారు. సైన్సు మాట మారుస్తుందని నిందించేవాళ్లు ఈ ఓర్పును చూడరు. ఎప్పుడు మారాలో, దేన్ని చూసి మారాలో తెలియడమే దాని బలం.

‘పెద్దల మాట కాదంటావా?’ అని నిన్ను అడుగుతారు. ఏ పెద్దల మాట? గ్రహణాలు నీడల వల్ల కలుగుతాయని ఆర్యభటుడు 499 ప్రాంతంలోనే రాశాడు. 628లో బ్రహ్మగుప్తుడు గ్రహణానికి రాహువు కారణం కాదన్నవాళ్లను తప్పుపట్టాడు గానీ, గణితం మాత్రం నీడలతోనే చేశాడు. ఇద్దరూ మన పెద్దలే, గౌరవమొక్కటే ఈ తగువు తీర్చదు. వదులుకోకూడని మాటా ఒకటుంది: సూర్యగ్రహణాన్ని వట్టి కళ్లతో చూడొద్దనడం నిజం, రెటీనా కాలుతుంది. చంద్రగ్రహణానికి ఆ భయం లేదు. కారణం తెలిస్తేనే ఈ తేడా తెలుస్తుంది.

‘మొర్రికి అసలు కారణం మీకు తెలుసా?’ అని కూడా నిలదీస్తారు. కొంతే తెలుసు. జన్యువులు, గర్భిణి పొగతాగడం, గర్భానికి ముందే ఉన్న మధుమేహం, కొన్ని మూర్ఛ మందులు. చాలా సందర్భాల్లో ఇదీ అని తేల్చలేం. ఆ ‘తేల్చలేం’ అన్న మాటను సిగ్గుపడకుండా చెప్పు. మనకు తెలియని చోటు రాహువు కోసం వేసిన పీట కాదు.

‘పాటిస్తే పోయేదేముంది?’ అనేది అన్నిటికన్నా మెత్తని వాదన, నన్ను ఎక్కువ బాధపెట్టేదీ అదే. నిండు గర్భిణిని గంటల తరబడి మంచినీళ్లయినా ముట్టనివ్వకుండా, అటూ ఇటూ కదలనివ్వకుండా పడుకోబెడతారు. ఆపైన బిడ్డకు మొర్రి వస్తే తప్పంతా ఆమెదే అవుతుంది. ఆ బిడ్డ పెదవిని మూడు నుంచి ఆరు నెలల వయసులో కుట్టి సరిచేయవచ్చు. అంతవరకూ రొమ్ము పట్టలేకపోతే తల్లిపాలు పిండి ఉగ్గుగిన్నెతో తాగించవచ్చు. ముందు ఇవి చెప్పు. తర్వాత పెదవి ఏర్పడే ఆ వారాల లెక్క చెప్పు, ఆమె ఒక్కదానికే కాదు, పక్కన నిలబడ్డ అత్తగారికీ భర్తకూ వినబడేలా.