కొండ మీది నేల, ఇస్తిఖారా

నిర్ణయం తేలనప్పుడు మన ఇళ్లలో పెద్దవాళ్లు అనే మాట ఒకటుంది: "ఇస్తిఖారా చేసి పడుకో." పిల్ల సంబంధమైనా, గల్ఫ్ వీసా అయినా అదే మాట. రెండు రకాతుల నఫిల్ నమాజు, తర్వాత ఒక దువా. ప్రవక్త ఈ దువాను తన సహచరులకు నేర్పారని జాబిర్ బిన్ అబ్దుల్లా చెప్పినట్టు బుఖారీలో ఉంది. ఈ పని నా దీన్‌కీ బతుకుకీ మేలైతే దక్కించు, కీడైతే మళ్లించు అని దాని సారం. కలలో పచ్చరంగు కనబడితే సరే, ఎర్రరంగు కనబడితే వద్దు అనే మాట ఆ హదీసులో లేదు. అది మనం తగిలించుకున్నదే.

అంతకన్నా ముఖ్యమైన షరతును మరిచిపోయాం. ఫర్జ్ అయిన పనికి ఇస్తిఖారా లేదు. హరాం పనికీ లేదు. ఎదుట ఉన్న దారులన్నీ ధర్మమైనవే అయి, ఏది మేలో తెలియనప్పుడే అది. ఈ షరతు బరువు తెలియాలంటే అరకు వైపు చూడాలి.

ఘాట్ రోడ్డెక్కి అనంతగిరి, అరకు సంతలకు వచ్చే చిన్న వ్యాపారుల్లో అన్ని కులాలవాళ్లూ ఉంటారు, మనవాళ్లూ ఉంటారు. అలాంటి ఒక కుటుంబాన్ని అనుకుందాం. ఏళ్ల తరబడి సంతలు తిరిగి నాలుగు డబ్బులు కూడబెట్టుకుంది. కిందికి దిగుదామంటే పేరు వినగానే ఇల్లు ఖాళీ లేదంటారు. ఇక్కడే ఉందామంటే జాగా కావాలి. ఎవరో దారి చూపిస్తారు: "కాగితం గిరిజనుడి పేర, నేల నీది." ఇంటాయన ఆ రాత్రి ఇస్తిఖారాకి నిలబడతాడు. ఆ నమాజులో అతను అల్లాను అడుగుతున్నదేమిటి?

గిరిజనుడి నేల చేతులు మారకుండా ఏజెన్సీలో 1917లోనే చట్టం వచ్చింది. తర్వాత 1959 రెగ్యులేషన్, దాన్ని బిగిస్తూ జనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచే 1970 రెగ్యులేషన్ వచ్చాయి. గిరిజనేతరుడికి అమ్మకమే కాదు, తనఖా, కౌలు, దానం కూడా చెల్లవు. అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద సమత సంస్థ నడిపిన కేసులో, ప్రభుత్వం కూడా ఆ నేలను గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని 1997 జూలై 11న సుప్రీంకోర్టు చెప్పింది. సర్కారుకే లేని హక్కు బినామీ కాగితంతో మనకెలా వస్తుంది? ఆ గిరిజనుడు సరేనన్నాడుగా అంటారు. అప్పులో మునిగినవాడి "సరే"కి ఎంత విలువుంటుందో అందరికీ తెలుసు.

చట్టాన్ని పక్కన పెట్టినా దీన్ ఊరుకోదు. అన్యాయంగా జానెడు నేల తీసుకున్నవాడి మెడకు ఏడు భూములు చుట్టుకుంటాయని హదీసు హెచ్చరిస్తుంది. ఆక్రమించిన నేల మీద నమాజు చెల్లుతుందా అని ఫిఖ్ పండితులు వాదించుకున్నారు. చెల్లుతుందన్నవాళ్లు కూడా పాపం పోదన్నారు. అలాంటి నేల కోసమే నమాజు చేస్తే ఏమనాలి? జవాబు ముందే వచ్చింది. అయినా మళ్లీ అడుగుతున్నామంటే మన కోరికకు అల్లా సంతకం కావాలనే.

మైదానంలో మనం మైనారిటీ. అద్దె ఇంటి దగ్గర మన పేరే మనకు అడ్డు. ఆ బాధ నిజం. ఘాట్ ఎక్కినా ఆ బాధ పోదు, కాని మన స్థానం మారుతుంది. బగత, కొండదొర, కోటియా, పోర్జా ఇళ్లకు మనం దిగువ నుంచి వచ్చిన షావుకార్లం. వాళ్లు చూసేది మన తూకాన్ని, మన వడ్డీని, మన కాగితాన్ని. దెబ్బ తిన్న చెయ్యి కూడా దెబ్బ కొట్టగలదు. మన అస్తిత్వం గురించి రాసుకునేటప్పుడు ఈ సంగతి దాచిపెడితే మనం సగమే రాసినట్టు.

"అందుకే దువాలు మానెయ్యండి" అని సెక్యులర్ మిత్రులు అనవచ్చు. దువా చెయ్యనివాడు ప్లీడరు చేత చట్టంలో సందు వెతికిస్తాడు. ముందు కోరిక, తర్వాత సాకు. ఇద్దరి జబ్బూ ఒకటే.

మరి ఇస్తిఖారా దేనికి? క్రీ.శ. 638-39 ప్రాంతంలో ఖలీఫా ఉమర్ సిరియా వెళ్తుంటే అక్కడ ప్లేగు ఉందని తెలిసింది. ఆయన ముహాజిర్లను, అన్సార్లను, ఖురైషు పెద్దలను వరసగా పిలిచి అడిగి వెనక్కి తిరిగారు. అల్లా రాత నుంచి పారిపోవడమేనా ఇది అని అబూ ఉబైదా నిలదీస్తే, వెళ్లేదీ అల్లా రాతలోకే అని బదులిచ్చారు. నమ్మకం ఉన్నవాడు కూడా పదిమందినీ అడుగుతాడు, ఆలోచిస్తాడు, అప్పుడు అడుగు వేస్తాడు.

బినామీ మాట వదిలేశాక కూడా ఆ కుటుంబానికి ప్రశ్న మిగిలే ఉంటుంది. సరైన తూకంతో సంతలు తిరుగుతూ బతకాలా? శృంగవరపుకోటకో విశాఖకో దిగి, మూసిన తలుపులు తడుతూ కొత్తగా మొదలెట్టాలా? ఏది మేలో చట్టం చెప్పదు, పెద్దలూ చెప్పలేరు. ఇస్తిఖారా చేయాల్సింది అక్కడ. కల రాకపోయినా ఫరవాలేదు. అరకు కొండల ఆదివాసీ చైత్రంలో ఇటుకల పండుగ చేసి, విత్తనాన్ని దేవుడి ముందు పెట్టి, తర్వాత విత్తుతాడు. వాన ఎంత కురుస్తుందో అతనికీ తెలియదు. కాని విత్తేది తన నేలలో. మనం దువా చేసి వేసే అడుగు కూడా మన హక్కున్న చోటే పడాలి.