'అవును' నొక్కింది ఎవరు?

పోయిన సంవత్సరం మన పత్రిక పనులు జరిగేటప్పుడు తెలుగు టీచర్ కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చుని చిన్న తరగతుల పిల్లల రచనలు టైపు చేసేవారు. ఆమెకు పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లు నచ్చవు. అన్నీ నోట్‌ప్యాడ్‌లోనే కొడతారు. ఒక శనివారం ఆమె టీ తాగి వచ్చేలోపు ఆ కంప్యూటర్‌ను నేను రీస్టార్ట్ చేసినాను. సేవ్ చేయని నాలుగు రచనలు పోయినాయి.

ఒకరి పని మీద ఇంకొకరు 'సరే' చెప్పవచ్చునా? ఈ ప్రశ్న అప్పటినుండి నాతోనే ఉంది. అందుకే ఈ వ్యాసం.

జరిగింది ఇది. అన్ని కంప్యూటర్లలో తెలుగు కీబోర్డు వేయమని కంప్యూటర్ సార్ నాకు అడ్మిన్ పాస్‌వర్డ్ చెప్పినారు. తొమ్మిదో తరగతివాడికి అది చిన్న విషయం కాదు, నేను కొంచెం పెద్దమనిషినే అయినట్టు అనిపించింది. టీచర్ కూర్చునే కంప్యూటర్‌లో ఇన్‌స్టాలర్ మొదలుపెట్టగానే తెర మసకబారింది. ఈ ప్రోగ్రాం ఈ కంప్యూటర్‌లో మార్పులు చేయడానికి ఒప్పుకుంటారా అని అడిగింది. పాస్‌వర్డ్ కొట్టి 'ఎస్' నొక్కినాను. అంతా అయినాక, ఇప్పుడే రీస్టార్ట్ చేయాలా, తర్వాతనా అని అడిగింది. ఇప్పుడే అన్నాను. అప్పుడు ఇంకొక తెర వచ్చింది. ఒక ప్రోగ్రాం ఇంకా మూసుకోలేదు అని చెప్పి, నోట్‌ప్యాడ్ పేరు చూపించింది. కింద రెండు బటన్లు: 'ఫోర్స్ రీస్టార్ట్', 'క్యాన్సిల్'. ఇంకా రెండు కంప్యూటర్లు మిగిలున్నాయి, గ్రౌండ్‌లో మావాళ్లు టాస్ వేస్తా ఉన్నారు. ఫోర్స్ నొక్కేసినాను.

అంటే ఆ మిషన్ నన్ను ఒకసారి కాదు, మూడుసార్లు అడిగింది.

టీచర్ వచ్చి చూసి "ఏమైందప్పా?" అన్నారు. "సిస్టం రీస్టార్ట్ అయ్యింది టీచర్" అన్నాను. అబద్ధం కాదు కదా అని నాకు నేను చెప్పుకొన్నాను. కానీ 'అయ్యింది' అనే మాటలో చేసినవాడు కనిపించడు. కర్త ఎవరు, క్రియ ఏది అని మాకు నేర్పించింది ఆ టీచరే. ఆమె దగ్గరే కర్తను దాచిపెట్టినాను. మూడో రోజు వెళ్లి "నేనే చేసినాను టీచర్" అని చెప్పినాను. ఆమె తిట్టలేదు. "రా, కూర్చో, నువ్వు చదువు, నేను కొడతాను" అన్నారు. మూడు రచనలకు పిల్లలు చేత్తో రాసిన కాగితాలు ఉండినాయి. నాలుగోదానికి కాగితమే లేదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

అసలు రీస్టార్ట్ ఎందుకు అవసరం? విండోస్‌లో ఒక ప్రోగ్రాం వాడుకుంటున్న ఫైలును మామూలుగా మార్చడానికి కుదరదు. కుర్చీలో మనిషి కూర్చుని ఉంటే దాని కాలు మార్చలేము కదా, అట్ల. అందరూ లేచినాక, మళ్లీ కూర్చోకముందు మార్చాలి. రీస్టార్ట్ అంటే అందరినీ ఒకేసారి లేపడం. 2007లో జనం చేతికి వచ్చిన విండోస్ విస్టా నుండి 'రీస్టార్ట్ మేనేజర్' అని ఒకటి ఉంది. ఏ ఫైలును ఏ ప్రోగ్రాం పట్టుకొని ఉందో అది కనిపెట్టి, ఆ ప్రోగ్రాంను మాత్రమే మూయమని అడుగుతుంది. ఊరంతా లేపకుండా ఒక్క మనిషిని లేపినట్టు.

తెర మసకబారి ఒప్పుకోలు అడగడం కూడా విస్టాతోనే వచ్చింది. దాని వెనక ఉన్న ఆలోచన ఇంకా పాతది. 1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక వ్యాసంలో రాసినారు: ఒక పనికి ఎంత అధికారం కావాలో అంతే ఇవ్వాలి, ఎక్కువ ఇవ్వకూడదు అని. సార్ నాకు ఇచ్చిన అధికారం కీబోర్డు వేయడానికి. టీచర్ రాసినది మూసేయడానికి కాదు. పాస్‌వర్డ్ ఉండడం వల్ల ఆ పని నా చేతనైంది, అంతే. చేతనైన పనికీ, చేయదగిన పనికీ ఉన్న తేడా పాస్‌వర్డ్ చెప్పదు.

ఇంట్లో ఈ సంగతి చెప్పినప్పుడు మా మామ నవ్వలేదు. ఆయన హోసూరు సిప్‌కాట్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్. మిషన్ లోపల చెయ్యి పెట్టి రిపేరు చేసేముందు మెయిన్ స్విచ్ ఆపి, దానికి ఎవరి తాళం వాళ్లు వేస్తారట. ముగ్గురు పని చేస్తే మూడు తాళాలు. ఇద్దరు పని ముగించి తాళాలు తీసుకున్నా, మూడోవాడి తాళం ఉన్నంతసేపు మిషన్ కదలదు. తాళంచెవి ఎవరిది వాళ్ల జేబులోనే.

"సూపర్‌వైజర్ తీయమంటే?" అని అడిగినాను.

"లోపల ఉండేది సూపర్‌వైజర్ చెయ్యా? నా చెయ్యి కదా."

"మరి తాళం వేసినవాడు మరిచిపోయి ఇంటికి పోతే?"

"వాడు లోపల ఎక్కడా లేడని వెతికి చూసుకోవాల. ఫోన్ చేయాల. ఆ తర్వాతనే, పెద్ద సార్ల ముందర తీసేది. మళ్లీ డ్యూటీకి వస్తానే మొదట వానికి చెప్పాల, నీ తాళం తీసేసినామని."

ఆ తాళం అడిగేది సరైన మనిషిని, దెబ్బ ఎవరికి తగులుతుందో వాళ్లను. కంప్యూటర్ మాత్రం కీబోర్డు ముందు ఎవరుంటే వాళ్లను అడుగుతుంది. ఆ శనివారం నష్టం టీచర్‌ది, 'అవును' నాది.

ఇది నా స్నేహితుడికి చదివి వినిపిస్తే వాడు ఒప్పుకోలేదు. "అందరినీ అడుగుతా కూర్చుంటే ఏ కంప్యూటరూ అప్‌డేట్ కాదు రా" అన్నాడు. వాడి మాటలో బలం ఉంది. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. ఇంగ్లండ్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపవలసి వచ్చింది. ఆ లోపానికి మందు మార్చి నెలలోనే, రెండు నెలల ముందే, మైక్రోసాఫ్ట్ ఇచ్చింది. వేసుకోని కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. పైగా అది ఒక కంప్యూటర్ నుండి ఇంకొకదానికి తనంతట తానే పాకే వైరస్. కాబట్టి 'తర్వాత' అని నొక్కేవాడి నష్టం కూడా వాడిది ఒక్కడిదే కాదు. పక్కవాడికి అంటుతుంది.

చాలా రోజులు దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు నాకు తోచేది ఇది. బలవంతంగా రీస్టార్ట్ చేయవలసిన సందర్భాలు ఉంటాయి, మా మామ ఫ్యాక్టరీలో ఇంకొకరి తాళం తీయవలసి వచ్చినట్టే. కానీ అక్కడ వెతకడం ఉంది, ఫోన్ చేయడం ఉంది, తర్వాత చెప్పడం ఉంది. నేను ఇరవై అడుగులు నడిచి స్టాఫ్ రూము తలుపు తట్టలేదు. ఆ రోజు నన్ను తరిమింది వైరస్ కాదు, క్రికెట్.

ఈ సంవత్సరం ఆరో తరగతి పిల్లలకు తెలుగు టైపింగ్ నేర్పే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసినాను. దానికి ఇన్‌స్టాలర్ కావాలి. ఇన్నో సెటప్ అనే ఉచిత సాధనంతో చేసినాను. ఈసారి అడిగించేవాణ్ణి నేనే. అందులో ఏమీ రాయకపోతే ఇన్‌స్టాలర్ అడ్మిన్ అధికారం అడుగుతుంది. నేను తక్కువ అధికారం చాలని రాసినాను. అప్పుడు పాస్‌వర్డ్ లేకుండా, ఆ పిల్లవాడి సొంత ఫోల్డరులోనే ఎక్కుతుంది. తర్వాత, తెరిచి ఉన్న ప్రోగ్రాంలను ఏమి చేయాలి అని ఒక చోట చెప్పాలి. అక్కడ మూడు జవాబులు ఉన్నాయి: ఎస్, నో, ఫోర్స్. ఆ మూడో మాట చూసి కాసేపు చెయ్యి ఆగింది.

'ఎస్' పెట్టినాను. ఏవేవి తెరిచి ఉన్నాయో పట్టీ చూపి అడుగుతుంది, ఒప్పుకుంటే మూస్తుంది, పని అయినాక మళ్లీ తెరవగలదు. బాగుంది అనుకొన్నాను. పరీక్షించి చూస్తే ప్రోగ్రాం తిరిగి వచ్చింది గానీ, సగం కొట్టిన పాఠం రాలేదు. దాచుకోవడం ప్రోగ్రాం పని, ఇన్‌స్టాలర్‌ది కాదు. ప్రతి వరుసకూ పాఠం తానే సేవ్ అయ్యేటట్టు ప్రోగ్రాంను తిరగరాయడానికి రెండు వారాలు పట్టింది.

ఇంగ్లీషులో వచ్చే ఆ ప్రశ్నను కూడా తెలుగులో మార్చినాను. తమిళంలో బస్సు బోర్డు, తెలుగులో పాఠం, ఇంగ్లీషులో కంప్యూటర్ చదివే మా పిల్లలు అర్థం కాకపోతే పెద్ద బటన్ ఏదో చూసి నొక్కుతారు. నేను ఇట్ల రాసినాను: "ఈ కింది ప్రోగ్రాంలు తెరిచి ఉన్నాయి. వీటిలో పని చేసేది మీరేనా? ఇంకొకరైతే వారిని పిలిచి అడగండి." సాఫ్ట్‌వేరుతో నేను చేయగలిగింది అంతే. పిలవడం నొక్కేవాడి చేతిలోనే ఉంది.

ఇక నాలుగో రచన. అది అప్పుడు ఆరో తరగతి చదివే ఒక అమ్మాయి తన అవ్వ చెప్పిన కథ. ఆ అమ్మాయి నోటితో చెప్తుంటే టీచర్ నేరుగా టైపు చేసినారు. పోయినాక మళ్లీ పిలిచి చెప్పించుకొన్నారు. చెప్పింది, కానీ మధ్యలో ఆగి "టీచర్, మొదట చెప్పినప్పుడు నక్క ఇంకొక మాట అన్నింది, ఇప్పుడు గుర్తు రాలేదు" అన్నది. అవ్వను అడగడానికి అవ్వ అప్పటికే లేదు. పోయిన సంవత్సరం పత్రికలో ఆ కథ ఆ మాట లేకుండానే అచ్చయ్యింది.

నేను టీచర్‌కు చెప్పుకొన్నాను గానీ ఆ అమ్మాయికి ఇప్పటివరకు చెప్పలేదు. కంప్యూటర్ ఏదో ఆగిపోయిందనే అనుకుంటా ఉంది. ఇప్పుడు ఏడో తరగతి 'బి' సెక్షన్‌లో ఉంది. ఈ పత్రిక తన చేతికి రాకముందే నేను ఆ తరగతికి వెళ్లి చెప్తాను.