అతిథి అడుగు

మెక్సికోలోని కోస్టా మాయా రేవులో ఓడ దిగిన యాత్రికులకు దొరికేది ఒక్క పగలు. పొద్దున్నే చాక్చోబెన్ అడవిలో మాయా ప్రజలు కట్టిన మెట్ల గుళ్లు చూస్తారు. ఆ ప్రజల వారసులు లక్షలాదిమంది ఇప్పటికీ తమ భాషలు మాట్లాడుకుంటూ అదే నేలమీద బతుకుతున్నారు. మధ్యాహ్నం బాకలార్ మంచినీటి సరస్సు. 40 కిలోమీటర్లకు పైగా పరుచుకున్న ఆ నీళ్లది ఏడు రంగుల నీలిమ. ఒడ్డున బండల్లా కనిపించేవాటికి ప్రాణముంది. వాటిని స్ట్రోమటోలైట్లంటారు. కంటికి కనబడని సూక్ష్మజీవులు పొరమీద పొర పేర్చి ఎన్నో ఏళ్లు శ్రమిస్తే ఏర్పడినవి. వాటిమీద ఒక్కసారి కాలు మోపినా దెబ్బతింటాయి. ఏ ఊరు వెళ్లినా మనం కొద్ది గంటల అతిథులమే. అతిథి అడుగు మెత్తగా పడాలి. ఈరోజు మన అడుగులన్నీ అలాగే పడాలని కోరుకుందాం.