బాటను బాగుచేయుట కాయకమగునా?

నాగర్‌కర్నూలు జిల్లా నల్లమల అడవిలోని సలేశ్వరమునకు చైత్ర పూర్ణిమ నాళ్లలో కొద్దిదినములు మాత్రమే భక్తులకు అనుమతి కలదు. అచట అర్చకులు చెంచులు. లోయలోనికి దిగు దారి ఇరుకైనది, రాళ్లతో కూడినది. ఏటేటా వాననీరు మట్టిని కోసి రాళ్లను కదలించును. గద్వాల, వనపర్తి ప్రాంతముల భక్తులలో కొందరు ఈ దారిని విశాలము చేయవలెనందురు. మరికొందరు అడవిని ముట్టరాదందురు. ఇందు ధర్మమేది?

బసవేశ్వరుడు స్థావరముకంటె జంగమమును గొప్పగా తలచెను గదా, రాళ్లకు సేవ ఏల అని ఒకరు అడుగవచ్చును. మెట్టు రాతిదే గాని, అది ఉన్నది నడచువారి పాదముల కొరకు. కదలిన రాతిపై జారిపడు వృద్ధురాలు జంగమమే. ఆ రాతిని సరిచేయుట ఆమెకు చేసిన దాసోహము. 14వ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకు మెట్లు కట్టించెను. ఆయన పేరు చరిత్రలో నిలిచినది. తరువాతి కాలమున కదలిన రాళ్లను కూర్చినవారి పేర్లు మనకు తెలియవు. కాయకము పేరును కోరదు.

అయితే ఈ అడవి మనుష్యులది మాత్రమే కాదు. 1983లో ఇది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యములో చేరినది. 2014లో రాష్ట్రము విడిపోయిన తరువాత తెలంగాణ భాగము అమ్రాబాద్ అభయారణ్యమైనది. దాని విస్తీర్ణము 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడినది. సకల ప్రాణులయందు దయ ధర్మమునకు మూలమని నమ్మిన మనము పులిని, దుప్పిని మరువరాదు.

ఇచట ఐదక్కి లక్కమ్మ మనకు గురువు. భర్త మారయ్య నిత్యము తెచ్చు బియ్యము కంటె ఎక్కువ తెచ్చిన దినమున, అవసరమునకు మించినది తిరిగి పోసి రమ్మని పంపిన శరణి ఆమె. బాటకును అదే కొలత. కాలు జారకుండుటకు చాలినంత బాగుచేయవలెను. వాహనములు దిగునంత వెడల్పు మనకు మించినది.

బాగుచేయకుండుట అడవికి మేలనుకొనుట కూడ పొరపాటే. దారి చెడినచోట నడచువారు ప్రక్కకు తొలగి కొత్త త్రోవ త్రొక్కుదురు. మొలకలు నలగును, మట్టి వదులగును, మరుసటి వానకు ఆ త్రోవయు కోసుకొనిపోవును. ఇట్లు ఒక బాట నాలుగు బాటలగును. నీరు ప్రక్కకు పోవునట్లు దారికి అడ్డముగా ఏటవాలుగా రాళ్లు పాతినచో, పాదములు ఒకే త్రోవలో నిలుచును. యాత్రికునికి, అడవికి మేలు ఒకటే అగును.

కాని అటవీశాఖ అనుమతి లేక అచట రాయి కదపరాదు. ఆ పని చెంచుల చేత చేయించినచో పూర్తి కూలి ఇవ్వవలెను, వారి మాట ముందు వినవలెను. ఒకరి శ్రమను ఉచితముగా గొని దానిని మన పుణ్యమనుట కాయకము కాదు. రాయి మోయలేని పెద్దలు, పిల్లలు తాము తెచ్చిన ప్లాస్టిక్కును తిరిగి తమ సంచిలోనే తీసికొని వచ్చినచో అదియు సేవయే. మన మఠములు యాత్రకు ముందే ఈ విషయమును ఇంటింట తెలుపునుగాక.